అడుగున కంకర

మూడో కల్యామాకు చెట్టు గూడ సచ్చిపోయింది.
మహబూబ్‌నగర్ డిపోల బస్సు అప్పజెప్పి, క్యాష్ కట్టి,
రెండో అంతస్తు మెట్లెక్కి
సెల్లు వెలుగుల జూసిన:
ఆకులు పసుపు గాదు, నలుపు గాదు,
చెమటకు తడిసిన పాత టికెట్ రంగు.

నీళ్లు తక్కువై గాదు.
శ్రీశైలం సర్వీసుకు ఎక్కేముందు
రెండు చెంబులు ఎక్కువే పోసిన,
ఇంట్ల లేని తప్పుకు జుర్మానా కట్టినట్టు.

"అడుగున కంకర ఎయ్యాలె బిడ్డా" అన్నది ఊశన్న.
మా బిల్డింగు వాచ్‌మన్.
నలభై ఏండ్లు దేశమంత తిరిగి
కట్టలకు మట్టి మోసిన పాలమూరు మనిషి.
"కట్ట నడుమ ఇసుక, దాని పక్క సన్న కంకర,
దాని పక్క దొడ్డు కంకర.
నీళ్లు సప్పుడు లేకుంట బయటికి పోతయి.
పొర లేని కట్ట కూలుతది,
మనుషుల మీద."
ఒకసారి కూలిందట.
ఏడ అన్నది చెప్పలే. నేను అడగలే.

కొత్త రోడ్డుకు పోసిన కుప్పల్నించి
ఖాకీ అంగీ ఒడిల ఏసుకొచ్చిండు కంకర.
కడిగిండు. ఎండబెట్టిండు.
బియ్యంల రాళ్లేరినట్టు
రాళ్లల్ల మట్టిపెళ్ల లేరిండు.
నాలుగేళ్ల మందం పరిచి, అరచేత్తోని సదిరి,
"ఇగ సావది" అన్నడు.

అట్లనే మూడు.

ఇయ్యాల ఆదివారం, నాకు ఆఫ్.
కుండీని పేపరు మీద బోర్లిచ్చిన.
పైమట్టి పొడి. నడుమ చల్లగ.
కంకరకు సరిగ్గా మీద, బెత్తెడు,
మురుగు వాసన, చేతికి జారే బురద,
ఉడికిన సేమ్యా లెక్క ఏర్లు.
ఆ కింద, ఊశన్న కడిగిన కంకర
కడిగి ఎండబెట్టిన నాటి తీరుగనే ఉన్నది.

తడి వచ్చి గడప కాడ నిలబడ్డది.
లోపలికి పోలే.

అప్పుడు యాదికొచ్చింది క్యాష్ కౌంటర్ల నస్రీన్,
నోట్లు లెక్కపెట్ట వేలు తడుపుకునే స్పాంజి.
మొన్న మాటల్ల మాటల్ల
దాన్ని నా చిల్లర కుప్ప మీద పెట్టింది.
నిండ నీళ్లే,
బిళ్లల సందుల్లకు ఒక్క చుక్క దిగలే.
నిలువుగ పట్టుకుంటే మాత్రం
కింది కొస నుంచి కారింది.

ఇరవై ఏండ్లాయె "ఎనకకు జరుగుండ్రి" అని ఒర్రవట్టి.
ఎవరు జరుగుతరు?
డోరు కాడ పట్టుకోను కమ్మీ ఉంటది,
ఎనక ఖాళీ ఉంటది.
నీళ్లు గూడ గంతే.
సన్నమట్టి రేణువును పట్టుకున్నది
దొడ్డు సందు కనబడంగనే ఇడిసిపెట్టదు.
మట్టంత నిండి, ఇంక నిలువ జాగ లేక,
ఒకరి మీద ఒకరు పడ్డంకనే దిగుతది.
నాలుగేళ్ల కంకర ఏస్తిమి,
మడిమల కాడ ఉండాల్సిన తడి
చెట్టుకు మోకాళ్లెక్కింది.

ఇదంత చెప్పిన.
ఊశన్న ఆ రాళ్లను ఒక్కొక్కటి తిప్పి చూసిండు.
చాన సేపటికి అడిగిండు:
"మరి మేము కట్టలల్ల పరిచింది?"

ఆ గొంతు విన్నంక తెలిసింది
ఆయన అడుగుతున్నది కుండీ సంగతి గాదని.

"కట్ట ఎనక చెరువంత నీళ్లు నూకుతయి పెద్దయ్యా,
అక్కడ పొర ఉండాల్సిందే.
ఈడ నూకెటోళ్లెవరు? రెండు చెంబులు."

తల ఊపిండు.
కంకరంత తట్టకెత్తి
నల్లా కాడ జారే జాగల పోసొస్త అని లేచిండు.
మూడు మెట్లు దిగి ఆగిండు.
ఎనకకు తిరగకుంటనే అన్నడు:
"ఆ కూలిన దాంట్ల, ఎయ్యనియ్యలే.
మేము ఏస్తమన్నం. మేస్త్రి వద్దన్నడు."

నాలుగోది పెట్టిన.
పొక్క మీద ఉల్లిగడ్డ సంచి జాలీముక్క, మన్ను జారకుంట.
ఆపైన చెల్కమన్ను, మేకపెంట, కొంచెం ఇసుక,
అడుగు నుంచి అంచు దాక ఒక్కటే తీరు.

పొద్దుగూకంగ కిందికి పోయొచ్చేసరికి
ఊశన్న నా గుమ్మం ముంగట గొంతుకూసున్నడు,
రెండిటుకల మీద పెట్టిన కుండీ కింద
అరచెయ్యి చాపి.

చుక్క పడ్డంక
లేచి పోయిండు.